నల్ల బ్లౌజు మీద తెల్ల పొడి: తగ్గని న్యుమోనియా కేసు ఒకటి

ఏదో గొప్పగా పట్టేసిన అని చెప్పుకోడానికి ఈ కేసు రాస్తలేను. నాలుగు రోజులు తప్పు దారిలో పోయిన, ఆ నాలుగు రోజులు ఎట్ల పోయినయో రాసిపెడితే నాలాగ చిన్న టౌన్‌లో ప్రాక్టీస్ చేసేటోళ్లకు పనికొస్తదని రాస్తున్న. పేషెంట్‌ని అడిగి, ఆమె సరే అన్నంకనే రాస్తున్న. ఊరు చెప్పను, వయసు, ఇంట్లోవాళ్ల వివరాలు కొంచెం మార్చిన, జ్వరం లెక్కలు, రిపోర్టులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

నల్లగొండ జిల్లాలో ఓ మండల కేంద్రం. ఆమెకు 45 దగ్గర ఉంటయ్. ఇంటి ముందు రేకుల గదిలో టైలరింగ్ చేస్తది, లేడీస్ బ్లౌజులు, పిల్లల గౌన్లు. షుగర్ లేదు, బీపీ లేదు, బీడీ పొగ కూడ ఎరగదు, ఇదివరకు ఆస్పత్రిలో పడుకున్నది కాన్పులకు మాత్రమే. 2025 ఫిబ్రవరి అది, మాఘమాసం పెళ్లిళ్ల సీజను, పొద్దున ఎనిమిదింటికి మిషన్ మీద కూర్చుంటే రాత్రి తొమ్మిది దాక లేచేది లేదంట.

జ్వరం మొదలైన ఆరో రోజు మా దగ్గరికి వచ్చింది. అంతకుముందు ఊర్లో ఆర్ఎంపీ దగ్గర రెండు సెలైన్ బాటిళ్లు, విడాల్ టెస్టు, "టైఫాయిడ్ ఉంది" అని సెఫిక్సిమ్ గోళీలు, వాంతులకు ఆన్‌డాన్‌సెట్రాన్. విడాల్ గురించి మళ్ల చెప్పేదేముంది, మన దగ్గర ఏ జ్వరానికి చేసినా ఎంతో కొంత పాజిటివ్ వస్తనే ఉంటది. కానీ ఆయన్ని ఊకె తప్పు పట్టలేను, ఎందుకో తర్వాత చెప్త.

వచ్చినప్పుడు ఆమె తలకు పాత చున్నీ గట్టిగ బిగించి కట్టుకొని ఉంది. దగ్గు గురించి అడిగితే "దగ్గు ఉంది గని సారు, ముందు ఈ తల్కాయ సంగతి చూడుండ్రి, పగిలిపోతుంది" అన్నది. జ్వరం 103.4, ఊపిరి నిమిషానికి 26, ఆక్సిజన్ 93 శాతం, కుడి ఊపిరితిత్తి కింది భాగంలో చప్పుళ్లు. ఎక్స్‌రేలో కుడి కింది లోబ్ (ఊపిరితిత్తిలో ఒక భాగం) తెల్లగ గడ్డకట్టినట్టు. అంటే న్యుమోనియా, అందులో డౌట్ లేదు. డౌట్ పడాల్సినవి వేరే ఉండె.

ఒకటి, నాడి. సిస్టర్ చార్ట్‌లో 86 అని రాసింది. 103 జ్వరంలో నాడి మామూలుగా 120 దరిదాపుల్లో ఉండాలె. అందాజ మీద రాసిందనుకొని నేనే వాచ్ పెట్టుకొని పూర్తి నిమిషం లెక్కపెట్టిన, 84 వచ్చింది, అంటే సిస్టర్ నాకంటే రెండు ఎక్కువే రాసింది పాపం. జ్వరానికి తగ్గట్టు నాడి పెరగకపోవడం టైఫాయిడ్‌లో చూస్తం, లీజియోనెల్లా అనే ఇంకో రకం న్యుమోనియాలో చూస్తం, ఇంకా కొన్నిట్ల కూడ చూస్తం. రెండు, తెల్లకణాలు 6,800 మాత్రమే, కానీ ఒంట్లో వాపు, ఇన్‌ఫెక్షన్ ఎంతుందో చెప్పే సీఆర్‌పీ 186, చాలా ఎక్కువ. ఒక లోబ్ మొత్తం పోయిన మామూలు న్యుమోకాకస్ న్యుమోనియాలో తెల్లకణాలు పదిహేను, ఇరవై వేలు ఉంటయ్. మూడు, సోడియం 128, పొటాషియం 3.1, రెండూ తక్కువే, లివర్ లెక్క ఎస్‌జీపీటీ 92, కొంచెం ఎక్కువ. దగ్గు పొడిగా ఉంది, కఫం చుక్క లేదు.

ఇవన్నీ కేస్ షీట్‌లో నేనే రాసిన. రాసిన కానీ కలిపి చూడలేదు. మలేరియా, డెంగీ నెగెటివ్. సాయంత్రం ఓపీ రద్దీలో నిలబడి చరిత్ర అడిగిన: "అమ్మా, ఇంట్ల కోళ్లు, గొర్లు, బర్లు ఏమన్న ఉన్నయా?" ఆమె అంత బాధలో కూడ నవ్వింది, "ఏం లెవ్వు సారు, ఆ మిషినే నా పాడి బర్రె". నేను కూడ నవ్వి, "జంతువులతో సంబంధం లేదు" అని రాసి కింద గీత గీసిన. ఆ గీత ఇప్పటికీ ఆ షీట్ మీద ఉంది.

ఏం ఇచ్చిన, ఎందుకు ఇచ్చిన

అడ్మిట్ చేసిన న్యుమోనియాకు సెఫ్ట్రియాక్సోన్, దానికి తోడు అజిత్రోమైసిన్ ఇవ్వడం అలవాటు. అజిత్రోమైసిన్ ఎందుకంటే మామూలు కల్చర్‌లో దొరకని, కణాల లోపల దాక్కునే బ్యాక్టీరియాల కోసం. కానీ ఈమె ఈసీజీలో క్యూటీసీ, అంటే కొట్టుకున్న గుండె మళ్ల సిద్ధమయ్యే టైము, 490 ఉంది, ఎక్కువే, వాంతులతో పొటాషియం పడిపోయింది, పైనుంచి దాన్ని ఇంకా పెంచే ఆన్‌డాన్‌సెట్రాన్ పడింది. ఇప్పుడు అదే పని చేసే అజిత్రోమైసిన్ కూడ వేస్తే గుండె లయ తప్పే రిస్కు. కాబట్టి అది ఆపిన, సెఫ్ట్రియాక్సోన్ ఒక్కటే 2 గ్రాములు పెట్టి, పొటాషియం ఎక్కించుకుంట కూర్చున్న.

అజిత్రోమైసిన్ ఆపడం కరెక్టే. తప్పు ఎక్కడంటే, ఆ మందు ఏ పని కోసం ఇస్తమో ఆ పని ఎవరికీ అప్పజెప్పకుండ వదిలేసిన. క్యూటీతో పేచీ లేని డాక్సీసైక్లిన్ అదే పని చేస్తది, మా ఫార్మసీ అరలోనే ఉంది, గోళీ ధర చాయ్ ధరంత. గుర్తుకు రాలేదు. వర్షాకాలం అయితే స్క్రబ్ టైఫస్ (చిన్న పురుగు కుట్టి వచ్చే జ్వరం) భయంతోనైనా రాసేటోణ్ని, ఫిబ్రవరి కాబట్టి ఆ ఆలోచన కూడ రాలేదు.

మూడో రోజు పొద్దున వరకు జ్వరం ఒక్క డిగ్రీ దిగలేదు. ఇక్కడ అందరం చేసే పనే నేనూ చేసిన, యాంటీబయాటిక్ పెద్దది చేసిన, పిప్‌టాజ్ పెట్టిన. ఇప్పుడు ఆలోచిస్తే సెఫ్ట్రియాక్సోన్ నుంచి పిప్‌టాజ్‌కి పోవడం అంటే అదే తాళానికి అదే తాళంచెవిని ఇంకొంచెం బరువైనది తెచ్చినట్టు. రెండూ బ్యాక్టీరియా గోడ మీద పనిచేసేవే. ఆ గోడ అసలు మామూలుగా లేని బ్యాక్టీరియా అయితే ఎంత పెద్ద డోసు పెట్టినా ఏం లాభం.

టీబీ అనుమానం కూడ ఉండె. కఫం లేదు కాబట్టి 3 శాతం ఉప్పునీళ్లతో నెబ్యులైజ్ చేసి కొంచెం రప్పించి సీబీనాట్‌ (టీబీ పరీక్ష)కి పంపినం, నెగెటివ్. ఆ రోజే నా కొలీగ్ ఒకాయన ఫోన్‌లో లీవోఫ్లోక్సాసిన్ వెయ్ అన్నడు. వద్దనుకున్న, రెండు కారణాలు: ఒకటి మళ్ల అదే క్యూటీ, రెండోది టీబీని అది సగం అణిచి ముసుగేస్తది, ఒక్క సీబీనాట్ నెగెటివ్ చూసి టీబీ లేదని ఒట్టేసే ధైర్యం నాకు లేదు. ఇంకొకాయన తర్వాత రోజు సీటీ ఫొటోలు చూసి స్టెరాయిడ్ అన్నడు. దాని సంగతి కూడ వస్తది.

నాలుగో రోజు పొద్దున ఆక్సిజన్ 88కి దిగింది, నాలుగు లీటర్లు పెట్టినం. సీటీలో కుడి కింది లోబ్ అట్లనే ఉంది, ఎడమ వైపు కూడ చిన్న మచ్చ కొత్తగా. తలనొప్పి ఎంతుందంటే లైట్ ఆర్పమంటుంది. మెడ బిగుసుకుంటే మెదడు పొరల ఇన్‌ఫెక్షన్ అనుకోవాలె, కానీ మెడ మెత్తగానే ఉంది, మనిషి స్పృహలోనే ఉంది, కాబట్టి నడుములో సూది పెట్టి నీరు తీయాలా వద్దా అని రెండుసార్లు ఆలోచించి ఆగిన. కొడుకు "సార్, హైదరాబాద్ తీస్కపోవాల్నా?" అని గంటకోసారి అడుగుతుండు. సాయంత్రం దాక చూద్దాం అన్న, అంబులెన్స్ మాట్లాడి పెట్టుకోమని కూడ చెప్పిన.

బ్లౌజు కోసం వచ్చిన మనిషి

ఆ మధ్యాహ్నం వార్డులోకి ఒకామె వచ్చింది, పలకరించడానికి కాదు, ఎల్లుండి పెళ్లి ఉంది, నా బ్లౌజు సగం కుట్టి ఉంది, అట్లనే ఇస్తే వేరే దగ్గర కుట్టించుకుంట అని. సిస్టర్‌కి కోపం వచ్చింది గానీ పేషెంటే "పాపం పెళ్లి పని" అని కొడుకుని ఇంటికి పంపించి కవర్ తెప్పించింది. నేను పక్క బెడ్ దగ్గర ఉన్న. కొడుకు కవర్లోంచి నల్ల సిల్కు బ్లౌజు తీసి కిటికీ దగ్గర దులిపిండు. ఎండలో తెల్లటి పొడి లేచింది, మైదాపిండి కంటే సన్నగ, కింద పడకుండ గాల్లోనే తేలుతుంది. చాక్‌పీస్ అనుకున్న, టైలర్లు గుర్తులు పెట్టే చాక్ ఉంటది కదా. ఊకె మాటకి అన్న, "ఇంత చాక్ పొడి రోజూ పీలుస్తవా అమ్మా?"

"చాక్ కాదు సారు, అది పిట్టల పిండి. ఎంత దులిపినా పోదు."

ఏం పిట్టలు అన్న. ఆమె కొడుకు దిక్కు చూసింది, కొడుకు నేల దిక్కు చూసిండు.

కొడుకు డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉండు, పిల్లలు చేయించి అమ్ముదామని హైదరాబాద్ నుంచి ఆరు జతల కాక్‌టెయిల్ పక్షులు తెచ్చిండు, తలమీద కుచ్చు, బుగ్గ మీద నారింజ చుక్క ఉంటయ్ చూడు, అవి. తెచ్చింది జ్వరం రావడానికి మూడున్నర వారాల ముందు. బయట పెడితే పిల్లులు, అందుకని టైలరింగ్ గదిలోనే, మిషన్ వెనక, సీలింగ్ ఫ్యాన్ కింద పంజరం. పన్నెండో రోజుకు ఒకటి చచ్చింది, తర్వాత ఇంకోటి. ఒకదానికి కళ్లు అంటుకొని, ఈకలు ఉబ్బించుకొని మూలకు కూర్చుంటుంది, రెట్ట పచ్చగా నీళ్లలాగ. ప్రతి పొద్దున పంజరం ట్రే దులిపేది, చీపురుతో ఊడ్చేది తల్లే, పొడిగానే, మాస్కు లేదు ఏం లేదు.

మరి నేను అడిగినప్పుడు ఎందుకు చెప్పలే అంటే, ఆమె జవాబు నిజాయితీగా ఉంది: "మీరు కోళ్లు అడిగిండ్రు సారు." కొడుకు జవాబు వేరే. అప్పుడు ఆంధ్రలో, మన దగ్గర కూడ కోళ్లఫారాల్లో బర్డ్ ఫ్లూ అని టీవీలో ఒకటే వార్తలు, లక్షల కోళ్లను పూడ్చిపెడుతున్నరని. పక్షులున్నయని చెప్తే ఆఫీసర్లు వచ్చి తన పక్షుల్ని కూడ చంపుతరని భయపడి, ఎవరికీ చెప్పొద్దని అమ్మకు కూడ చెప్పి పెట్టిండు.

కలిపి చూస్తే

అప్పుడు షీట్ తీసి మొదటి పేజీ మళ్ల చదివిన. విపరీతమైన తలనొప్పి, పొడి దగ్గు, జ్వరానికి తగ్గట్టు పెరగని నాడి, మామూలు తెల్లకణాలు, ఎక్కువ సీఆర్‌పీ, తక్కువ సోడియం, కొంచెం లివర్, గోడ మీద పనిచేసే మందులకు కదలని న్యుమోనియా, ఇప్పుడు చచ్చిన పక్షులు. సిట్టకోసిస్, మామూలు మాటలో చిలుక జ్వరం. చేసేది క్లమిడియా సిట్టాసి అనే బ్యాక్టీరియా, మన కణాల లోపల దూరి బతుకుతది. పేరులో చిలుక ఉంది గానీ పావురాలు, బాతులు, టర్కీ కోళ్ల నుంచి కూడ వస్తది. పీల్చిన తర్వాత మామూలుగా 5 నుంచి 14 రోజుల్లో జ్వరం. పక్షి చూడ్డానికి బాగానే ఉండి కూడ రెట్టలో, ముక్కు నీళ్లలో వదులుతనే ఉంటది, ప్రయాణం, ఇరుకు, గుడ్లు పెట్టే సమయం లాంటి ఒత్తిడి పడితే ఎక్కువ వదులుతది. ఆ తెల్ల పిండి మాత్రం జబ్బు గుర్తు కాదు, కాక్‌టెయిల్స్ ఈకల్లోంచి సహజంగా రాలేదే. కానీ ఎండిన రెట్ట పొడి అయ్యి దాంతో కలిసి, ఫ్యాన్ గాలికి పన్నెండు పదమూడు గంటలు ముక్కు ముందు తిరిగితే ఇంకేం కావాలె.

ఆర్ఎంపీని ఎందుకు తప్పు పట్టనన్ననో ఇప్పుడు చెప్త. 1879లో స్విట్జర్లాండ్‌లో రిట్టర్ అనే డాక్టర్ ఒక ఇంట్లో పంజరం పక్షుల నుంచి ఏడుగురికి ఈ జబ్బు వచ్చిందని మొదటిసారి రాసిండు, ముగ్గురు చనిపోయిన్రు. ఆయన దీనికి పెట్టిన పేరు న్యుమోటైఫస్, అంటే టైఫాయిడ్ లాగ ఉండే న్యుమోనియా. తలనొప్పి, మెల్లగ నడిచే నాడి, తగ్గని జ్వరం చూసి ఎవరికైనా ముందు టైఫాయిడే తడుతది.

మందు పెట్టే ముందు ఇంకో మూడు అనుమానాలు తీర్చుకున్న. బర్డ్ ఫ్లూ అయితే? పక్షులు చచ్చినయి కాబట్టి ఆ మాట కొట్టెయ్యలేను, గొంతు స్వాబ్ తీసి, ఆమెను పక్క రూమ్‌కి మార్చి, అందరికీ ఎన్95 పెట్టించిన. స్క్రబ్ అయితే? సిస్టర్‌తో ఒళ్లంతా, రొమ్ముల కింద, చంకల్లో వెతికించిన, పురుగు కుట్టిన చోట ఉండే నల్ల పొక్కు లేదు. పక్షుల పొడికి ఊపిరితిత్తులకు పడకపోవడం అనే ఇంకో జబ్బు ఉంది, పావురాలు పెంచేటోళ్లలో చూస్తం, కొలీగ్ స్టెరాయిడ్ అన్నది ఆ లైన్‌లోకే వస్తది. కానీ అది ఒక లోబ్‌ని పట్టుకొని గడ్డకట్టదు, రెండు వైపులా పరుచుకొని ఉంటది. ఇన్‌ఫెక్షన్ ఉండగా స్టెరాయిడ్ ఒక్కటే వేసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించబుద్ధి కాలేదు.

సాయంత్రం ఆరున్నరకు డాక్సీసైక్లిన్ 200 మిల్లీగ్రాములు, తర్వాత 100 చొప్పున రోజుకు రెండుసార్లు. దానికంటే ముందు మాత్రం ఉప్పునీళ్ల కఫం ఇంకోసారి, 5 మిల్లీలీటర్ల రక్తం తీసి సీరం వేరు చేసి ఫ్రీజర్‌లో పెట్టించిన. ఆ అర్ధగంట ఆలస్యం కావాలనే చేసిన, మందు పడ్డంక సాంపిల్ తీస్తే సగం సాక్ష్యం పోతది. పిప్‌టాజ్ ఆపిన.

నాలుగు డోసులు పడంగనే, ముప్పై ఆరు గంటలకు, జ్వరం 99.2. ఆ పొద్దున రౌండ్‌కి పోతే తలకు చున్నీ లేదు, దువ్వుకొని జడేసుకొని కూర్చుంది. ఏడో రోజు ఆక్సిజన్ తీసేసినం, తొమ్మిదో రోజు ఇంటికి. డాక్సీ మొత్తం 14 రోజులు, జ్వరం తగ్గంగనే ఆపితే తిరగబెడుతదని గట్టిగ చెప్పి పంపిన. మందు లేని కాలంలో ఈ జబ్బుతో నూటికి 15 నుంచి 20 మంది పోయేటోళ్లు, సరైన మందు టైముకు పడితే ఇప్పుడు నూటికి ఒక్కరు కూడ పోరు.

రిపోర్టుల దగ్గర మళ్ల ఒక మలుపు

డాక్సీకి తగ్గింది కాబట్టి ఇదే అనలేం. స్క్రబ్ కూడ తగ్గుతది, మైకోప్లాస్మా కూడ, క్యూ ఫీవర్ కూడ. హైదరాబాద్ ల్యాబ్ నుంచి శ్వాసకోశ పీసీఆర్ ప్యానెల్ రిపోర్టు వచ్చింది, ఇన్‌ఫ్లుయెంజా ఏ (బర్డ్ ఫ్లూ దీంట్లోకే వస్తది) నెగెటివ్, లీజియోనెల్లా నెగెటివ్, మైకోప్లాస్మా నెగెటివ్, క్లమిడియా నెగెటివ్. కొడుకు ఆ లైన్ చూపించి "సార్, అది కాదంట కదా" అన్నడు. నాకూ ఒక్క నిమిషం గుండె జారింది. తర్వాత పూర్తి పేరు చదివితే అక్కడ ఉన్నది క్లమిడియా న్యుమోనియే, మనిషి నుంచి మనిషికి వచ్చేది, దీని చుట్టమే గానీ ఇది కాదు. మనం మామూలుగా పంపే ప్యానెళ్లలో సిట్టాసి ఉండదు, కావాలంటే పేరు పెట్టి అడగాలె. ఈ ఒక్క ముక్క కోసమైనా ఈ కేసు రాయాలనుకున్న, ఆ లైన్ చూసి డాక్సీ ఆపేసేటోళ్లు ఉంటరు.

కల్చర్ మన లాంటి ల్యాబ్‌ల పని కాదు, చాలా భద్రత ఉన్న ల్యాబ్ కావాలె. మిగిలింది యాంటీబాడీల లెక్క. ఒక మెడికల్ కాలేజీలో మైక్రోబయాలజీ ఫ్రెండ్ సాయం చేసిండు. ఫ్రీజర్‌లో పెట్టిన సీరంలో 1:32, రెండో అంకె పెద్దదైన కొద్దీ యాంటీబాడీలు ఎక్కువన్నట్టు. మూడు వారాలకు తీసిన దాంట్ల 1:64. నాలుగింతలు పెరిగితేనే ఖాయం అంటరు, రెండింతలు లెక్కలోకి రాదు. నేను డీలా పడ్డ. ఫ్రెండే చెప్పిండు, మందు ముందే పడితే యాంటీబాడీలు ఆలస్యంగా లేస్తయ్, ఆరు వారాలకు ఇంకోసారి తియ్ అని. తీసినం, 1:512. వేరే క్లమిడియాలతో ఈ టెస్టు కొంత కలగలుస్తది నిజమే, కానీ ఆ కథకు ఈ పెరుగుదల తోడైతే నాకు సరిపోయింది. స్క్రబ్ యాంటీబాడీ టెస్టు (ఐజీఎం) రెండుసార్లూ నెగెటివ్.

పక్షుల సంగతి. కొడుకు భయపడి అన్నిటినీ చేను గట్టు మీద వదిలేస్త అన్నడు, అది మాత్రం చెయ్యొద్దన్న, జబ్బు ఊరంతా పంచినట్టే, పంజరంలో పెరిగినవి బయట బతకవు కూడ. మండలం పశువుల డాక్టర్‌తో మాట్లాడించిన. ఇది బర్డ్ ఫ్లూ కాదు, బ్యాక్టీరియా, పక్షులకు కూడ డాక్సీయే, కాకపోతే 45 రోజులు. ఆయన వచ్చి చూసి మందు మొదలుపెట్టిండు, ఎవరూ ఏదీ పూడ్చలేదు. పంజరం పెరట్లో వేరే షెడ్డుకు, చుట్టూ పిల్లులు రాకుండ జాలి. ట్రే ఊడ్చే ముందు బ్లీచింగ్ నీళ్లు చల్లి తడిపి తియ్యాలె, పొడిగా చీపురు తగలొద్దు, మాస్కు లేకుండ దగ్గరికి పోవద్దు. కొడుక్కు ఆ నెలలోనే మూడు రోజులు జ్వరం వచ్చి పోయిందంట, అది ఇదేనా అని తేల్చే సాంపిల్ నా దగ్గర లేదు. వార్డులో బ్లౌజు దులిపిన దానికి సిస్టర్లను, పక్క బెడ్ ఆయన్ని రెండు వారాలు జ్వరం చూసుకోమన్న, ఎవరికీ ఏం కాలే.

ఇప్పుడు మా కేస్ షీట్‌లో "జంతువులతో సంబంధం" అన్న లైన్ కొట్టేయించిన. దాని బదులు పేర్లతో అడుగుతున్నం: కోళ్లు, బాతులు, పావురాలు, లవ్‌బర్డ్స్, చిలుక, ఇంట్ల గానీ పక్కింట్ల గానీ పని చేసే చోట గానీ, ఈ నెలలో ఏమన్న చచ్చినయా. చిలుక అడిగేటప్పుడు మాత్రం గొంతు తగ్గించి అడగాలె, రామచిలుకను పెంచడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం, అందుకని ఉన్నోళ్లు లేదనే అంటరు. కేసు పెట్టేది నేను కాదు, మందు రాసేటోణ్ని అని ముందే చెప్తున్న. పోయిన నెల అట్ల అడిగితే ఒకాయన మిద్దె మీద నలభై పావురాలు ఉన్నయన్నడు, ఆయనది మామూలు ఆస్తమానే అనుకోండి.

ఆరు వారాల ఎక్స్‌రే క్లియర్. నీరసం ఇంకో నెల ఉండె. పెళ్లి ఉందని వచ్చినామె బ్లౌజు వేరే దగ్గర కుట్టించుకుందంట, మిగిలిన పద్నాలుగు మాత్రం ఒకటికి రెండుసార్లు ఉతికి, ఆరేసి, తర్వాత కుట్టి ఇచ్చిన అన్నది, ఉతికిన ఖర్చు ఎవరిని అడగాల్నో మాత్రం తెలుస్తలేదంట.